కొత్త పిస్టన్ వేసే ముందు పాత పిస్టన్‌ని చదవండి: ఇంట్లోనే స్నోమొబైల్ టూ-స్ట్రోక్ టాప్ ఎండ్ రీబిల్డ్

మొదటిసారి నా స్నోమొబైల్‌కి (మంచు మీద ట్రాక్‌తో పరిగెత్తే బండి) ఈ పని చేసినప్పుడు అన్నీ కొత్తవే వేశాను. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, కొత్త గ్యాస్కెట్లు. తాడు రెండోసారి లాగగానే బండి స్టార్టయింది. పది పన్నెండు కిలోమీటర్లు వెళ్లానో లేదో, గడ్డకట్టిన చెరువు మీద సాఫీగా పోతున్న బండి ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. బెల్టు కీచుమంది, ట్రాక్ ఆగిపోయింది, ఆ తర్వాత గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంటికి లాక్కొచ్చి విప్పితే క్లచ్ వైపు పిస్టన్‌కి ఎగ్జాస్ట్ దిక్కున నిలువునా గీతలు. వారం ముందు తీసి పక్కన పెట్టిన పాత పిస్టన్‌ని డబ్బాలోంచి వెతికి తెచ్చి పక్కన పెట్టి చూశాను. అదే వైపు, అదే చోట, అవే గీతలు. పాతది నాకు ముందే చెప్పింది. నేను వినలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. టాప్ ఎండ్ అంటే హెడ్డు, సిలిండర్, పిస్టన్, రింగులు, పిస్టన్ పిన్, దాని బేరింగ్, గ్యాస్కెట్లు. హెడ్డులో ఉండే వాల్వులు, క్యామ్ షాఫ్ట్, టైమింగ్ చైన్ లాంటివి టూ-స్ట్రోక్‌లో ఉండవు కాబట్టి విప్పి బిగించడం నిజంగా కష్టం కాదు. రెండు శనివారాలు చాలు. కష్టమల్లా పాతది ఎందుకు పోయిందో తేల్చుకోవడంలోనే ఉంది. అది తేల్చకుండా కొత్తది వేస్తే కొత్తదాన్ని కూడా అదే దారిలో పంపుతున్నామన్నమాట.

నాది రెండు సిలిండర్ల, నీళ్లతో చల్లబడే, రీడ్ వాల్వుల (మిశ్రమాన్ని లోపలికే పోనిచ్చే పల్చటి రేకులు) ఇంజిన్. 600 సీసీ తరగతి, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 72 మి.మీ. రెండు కార్బురేటర్లు, ఆయిల్ పంపు వేరుగా ఉంటుంది. మీ బండి కొంచెం వేరేగా ఉన్నా పని వరస ఇదే. కానీ టార్క్ (బోల్టు బిగింపు బలం) ఎంత, క్లియరెన్స్ ఎంత అన్న అంకెలు మాత్రం మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ నుంచే తీసుకోండి. నేనిచ్చే అంకెలు నా ఇంజిన్‌వి, ఒక అంచనా కోసం.

విప్పక ముందే రెండు పరీక్షలు

మొదటిది కంప్రెషన్. ఇంజిన్ కాస్త వేడెక్కాక ఆపి, రెండు ప్లగ్గులూ తీసేయండి. ప్లగ్ క్యాపుల్ని ఇంజిన్ బాడీకి తగిలేలా గ్రౌండ్ చేయాలి. లేకపోతే ఇగ్నిషన్ బాక్స్ దెబ్బతినొచ్చు. గేజ్ బిగించి, థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ముల్లు ఇక పైకి కదలని దాకా తాడు లాగండి. మామూలుగా ఐదారు లాగులు పడుతుంది. థ్రాటిల్ నొక్కకుండా లాగితే గాలి సరిగా లోపలికి రాదు, అంకె తప్పుడుగా తక్కువ వస్తుంది. నాకు మ్యాగ్నెటో (కరెంటు పుట్టించే భాగం) వైపు 118 పీఎస్ఐ, క్లచ్ వైపు 96 వచ్చింది. అసలు అంకె కంటే రెండింటి మధ్య తేడాయే ముఖ్యం. ఎత్తైన ప్రాంతంలో గాలి పల్చన కాబట్టి రెండూ తక్కువే చూపిస్తాయి, దానికి కంగారు పడక్కర్లేదు. ఒకదానికీ ఇంకోదానికీ పది శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే మాత్రం విప్పాల్సిందే.

రెండోది క్రాంక్ కేస్ (సిలిండర్ల కింద క్రాంక్ తిరిగే గది) ప్రెజర్ టెస్ట్. చాలామంది వదిలేసేది ఇదే. నేనూ మొదటిసారి దీన్నే వదిలేశాను.

టూ-స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి, ఆయిల్ కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ కేస్‌లోకి వచ్చి, అక్కణ్నుంచి పైకి వెళ్తుంది. ఆ దారిలో ఎక్కడైనా చిన్న సందు ఉంటే కార్బురేటర్ కొలిచి పంపని గాలి లోపలికి దూరుతుంది. మిశ్రమం పల్చబడుతుంది. పల్చని మిశ్రమం ఎక్కువ వేడితో మండుతుంది, పైగా దానితో పాటు రావాల్సిన ఆయిల్ కూడా తగ్గుతుంది. వేడి ఎక్కువ, నూనె తక్కువ. పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టేసుకుంటుంది. సీజ్ అవ్వడమంటే అదే.

ఈ పరీక్షకి నేను వాడేది బీపీ చూసే పరికరంలోని రబ్బరు బల్బు, దాని గేజ్. అది 300 మి.మీ. పాదరసం దాకా చూపిస్తుంది. 300 అంటే దాదాపు 5.8 పీఎస్ఐ, మనకి కావలసింది సరిగ్గా అంతే. అంతకన్నా బాగా ఎక్కువ గాలి కొడితే మంచి సీళ్లు కూడా చోటు తప్పి బయటకొచ్చేస్తాయి. అందుకే కంప్రెసర్ జోలికి పోవద్దు.

కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ పైపు తీసేయండి. ఎగ్జాస్ట్ రంధ్రానికి పాత ట్యూబు రబ్బరు పెట్టి, దాని మీద ఇనప పలక బిగించి మూశాను. ఆ పలకకి చిన్న నాజిల్ పెట్టుకున్నాను, గాలి కొట్టేది దాని ద్వారానే. కార్బురేటర్ కూర్చునే రబ్బరు బూట్లను మాత్రం తీయకూడదు. వాటి మూతిలోకి రబ్బరు బిరడా దూర్చి క్లాంపు బిగించాలి. బూటు తీసేసి కింద మూసేస్తే అసలు అనుమానితుణ్నే పరీక్షలోంచి తప్పించినట్టు. ఫ్యూయల్ పంపుకి వెళ్లే పల్స్ గొట్టాన్ని కూడా మూసేయాలి. ప్లగ్గులు బిగించి ఉంచండి. పిస్టన్‌ని కిందికి దించి పెడితే పైభాగానికీ క్రాంక్ కేస్‌కీ మధ్య దారి తెరుచుకుని రెండూ ఒకేసారి పరీక్ష అవుతాయి. ఒక్కో సిలిండర్‌కి విడివిడిగా చేయాలి.

బల్బు నొక్కి 300 దగ్గర ఆపండి. బాగున్న ఇంజిన్‌లో ముల్లు నిమిషాల తరబడి దాదాపు అక్కడే నిలబడుతుంది. నిమిషానికి 50 మి.మీ. కంటే ఎక్కువ పడిపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

బండి సీజ్ అయ్యాక ఈ పరీక్ష చేస్తే మ్యాగ్నెటో వైపు ముల్లు కదల్లేదు. క్లచ్ వైపు కళ్ల ముందే జారిపోయింది. నేను గాలి కొడుతూ ఉంటే మా తమ్ముడు కుంచెతో సబ్బు నీళ్లు పూస్తూ వచ్చాడు. హెడ్డు చుట్టూ ఏమీ లేదు. సిలిండర్ కింద గ్యాస్కెట్ దగ్గర ఏమీ లేదు. ప్లగ్ దగ్గర ఏమీ లేదు. తర్వాత టార్చిలైటు పట్టుకుని బూటు కిందికి ఒంగాడు.

"అన్నా, ఇటు చూడు. ఊపిరి తీస్తున్నట్టుంది."

బూటు పైనుంచి చూస్తే నల్లగా, కొత్తదానిలాగే ఉంది. కింది మడతలో మాత్రం వెంట్రుకంత చీలిక. నేను బల్బు నొక్కినప్పుడల్లా అక్కడ ఆవగింజంత బుడగలు వరసగా పుట్టి పగిలిపోతున్నాయి. నేను వేసిన కొత్త పిస్టన్‌ని కాల్చేసింది ఆ చీలికే. అందులో గోరు కూడా దూరదు. వేలితో బూటుని వంచితే తప్ప కంటికి కనబడదు.

బుడగలు క్రాంక్ సీల్ (క్రాంక్ కొన బయటికొచ్చే చోట గాలిని ఆపే చుట్టు) దగ్గర వస్తే అది వేరే పని. చాలా ఇంజిన్లలో ఆ సీలు మార్చాలంటే క్రాంక్ కేస్ విడదీయాలి. అప్పుడు టాప్ ఎండ్ ఒక్కటే చేసి ఊరుకుంటే లాభం లేదు.

విప్పడం

ముందు ఫోటోలు తీయండి. ప్రతి గొట్టం, ప్రతి వైరు, ప్రతి క్లిప్పు ఎటు నుంచి ఎటు పోతోందో తెలిసేలా. ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్న గొట్టాలు ఏది ఏ సిలిండర్‌దో టేపు అంటించి రాసుకోండి. కూలెంట్ దించేసి, చిన్నపిల్లలకీ జంతువులకీ అందకుండా మూత పెట్టి ఉంచాలి. అది తియ్యగా ఉంటుంది, విషం కూడా.

ఎగ్జాస్ట్ స్ప్రింగులు తీయడానికి కొక్కెం లాంటి పుల్లర్ వాడండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. డ్రైవ్ బెల్టు తీసేస్తే క్రాంక్‌ని చేత్తో తిప్పడం తేలిక. హెడ్డు బోల్టుల కోసం ఒక అట్టముక్క మీద హెడ్డు బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చుతాను. పొడవుల్లో తేడా ఉంటే మళ్లీ బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

హెడ్డు బోల్టుల్ని ఎదురెదురు క్రమంలో, కొద్దికొద్దిగా వదులు చేయండి. హెడ్డు వచ్చాక సిలిండర్ కింది బోల్టులు. సిలిండర్ పట్టేసి ఉంటే రబ్బరు సుత్తితో పక్కల నుంచి నెమ్మదిగా తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకండి. గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద ఒక్క గీత పడినా రేపు అదే లీకు.

సిలిండర్ అంగుళం రెండంగుళాలు లేవగానే ఆగండి. పూర్తిగా ఎత్తే ముందే ఆ సందులోంచి కనెక్టింగ్ రాడ్డు చుట్టూ శుభ్రమైన గుడ్డ కుక్కాలి, పోగులు ఊడని గుడ్డ అయితే మంచిది. విరిగిన రింగు ముక్క ఉంటే సిలిండర్ ఎత్తిన క్షణంలోనే కిందికి జారుతుంది. ఆ తర్వాత పిస్టన్ పిన్ క్లిప్పు తీసేటప్పుడు కూడా ఆ గుడ్డ అక్కడే ఉండాలి. ఆ చిన్న తీగ చుట్ట ఎగిరి క్రాంక్ కేస్‌లో పడితే, అది దొరికేదాకా మిగతా పనంతా పక్కన పెట్టాల్సిందే.

పిన్ చేత్తో నెడితే వస్తే సరే. రాకపోతే హాట్ ఎయిర్ గన్‌తో పిస్టన్‌ని కొంచెం వేడి చేయండి, లేదా పుల్లర్ వాడండి. సుత్తితో మాత్రం కొట్టొద్దు. ఆ దెబ్బ పిస్టన్ మీద ఆగదు, రాడ్డు మీదుగా క్రాంక్ దాకా పోతుంది. ఈ క్రాంకులు ముక్కల్ని ప్రెస్ చేసి కూర్చినవి, వంకర పోతే మళ్లీ సరిచేయడం ఇంట్లో పని కాదు.

పిస్టన్ తీశాక రాడ్డుని నిటారుగా పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. పక్కకి కాస్త కదలడం మామూలే, ఎంత కదలొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది. నిలువుగా టక్కుమని ఆడితే మాత్రం కింది బేరింగు పోయినట్టే. ఇక్కడే ఆగిపోండి. అలాంటి క్రాంక్ మీద కొత్త పిస్టన్లు పెట్టడం డబ్బు తగలేయడమే.

పాత పిస్టన్ చెప్పే మాట

ఇక్కడ తొందరపడకండి. పిస్టన్‌ని కడగక ముందే మంచి వెలుతురులో అన్ని వైపులా తిప్పి చూడండి, ఫోటో తీసి పెట్టుకోండి. కడిగేస్తే సాక్ష్యం పోతుంది.

గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉన్నాయంటే ఎక్కువగా పల్చని మిశ్రమం, లేదా ఆయిల్ అందకపోవడం. పిస్టన్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటు అదే కాబట్టి ముందు లొంగిపోయేది అక్కడే. కారణాలు వెతకాల్సిన చోట్లు: చీలిన బూటు, క్రాంక్ సీలు, కార్బురేటర్‌లో మూసుకుపోయిన జెట్టు (పెట్రోలు కొలిచి పంపే సన్న రంధ్రం), పెట్రోల్లో నీళ్లు, ఆయిల్ పంపు గొట్టంలో గాలి, పంపు కేబుల్ సర్దుబాటు తప్పడం. రెండు పిస్టన్లకీ ఒకే రకం గీతలుంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించండి: పెట్రోలు, పంపు, జెట్టు సైజు. ఒక్కదానికే ఉంటే ఆ ఒక్క వైపు ఉన్నదాన్నే.

గీతలు చుట్టూ నాలుగు చోట్ల, నాలుగు మూలల్లా ఉంటే అది చల్లటి ఇంజిన్‌ని తొందరగా పరిగెత్తించినందుకు. మైనస్ 20లో రాత్రంతా నిలబడ్డ బండిని స్టార్ట్ చేసి వెంటనే థ్రాటిల్ నొక్కితే, పిస్టన్ గబగబా వేడెక్కి ఉబ్బుతుంది. సిలిండర్ చుట్టూ ఉన్న కూలెంట్ ఇంకా గడ్డకట్టేంత చల్లగానే ఉంటుంది కాబట్టి బోరు ఉబ్బదు. మధ్యలో ఉండాల్సిన సందు మాయమైపోతుంది. ఫోర్జ్ చేసిన పిస్టన్లు పోత పిస్టన్లకన్నా ఎక్కువ ఉబ్బుతాయి, వాటికి ఇంకొంచెం ఓపిక పట్టాలి.

పిస్టన్ నెత్తి అంచుల్లో సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలుంటే డిటోనేషన్, అంటే మిశ్రమం సాఫీగా మండకుండా ఒక్కసారిగా పేలడం. తక్కువ ఆక్టేన్ పెట్రోలు, టైమింగ్ మరీ ముందుకు ఉండటం, మళ్లీ పల్చని మిశ్రమం, ఇవి దానికి కారణాలు. నెత్తి మధ్యలో కరిగి బొక్క పడితే మరీ ఎక్కువ వేడి, సరైన హీట్ రేంజ్ కాని ప్లగ్ కూడా అందుకు కారణం కావచ్చు. రింగుల కింద స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) మీద గోధుమ రంగు మరకలు సాగి ఉంటే రింగులు పట్టు వదిలాయని, మండిన గ్యాసు కిందికి జారుతోందని అర్థం. ఇది ఎక్కువగా మామూలు అరుగుదల వల్లే.

నెత్తి మీద మసిలో కూడా కబురు ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ పోర్టుల (క్రాంక్ కేస్ నుంచి మిశ్రమం పైకి వచ్చే రంధ్రాలు) పక్కన మసి లేకుండా కడిగినట్టున్న మచ్చలు కనబడాలి. లోపలికొచ్చే చల్లటి మిశ్రమం అక్కడ కడుగుతుంది. ఆ మచ్చలు మరీ పెద్దవైతే మిశ్రమం చిక్కగా ఉన్నట్టు, అసలు లేకపోతే పల్చగా ఉన్నట్టు. నా రెండు పిస్టన్లూ పక్కపక్కన పెడితే మ్యాగ్నెటో వైపు దానికి వేలి గోరంత మచ్చలున్నాయి, క్లచ్ వైపు దానికి ఒక్కటీ లేదు. ఒకే పెట్రోలు, ఒకే జెట్టు సైజు, ఒకే దారి. తేడా ఒక్క బూటు.

ఇంకో సంగతి. గాలి ఎంత చల్లబడితే అంత చిక్కబడుతుంది. మైనస్ 30 దగ్గరి గాలి ప్లస్ 20 దగ్గరి గాలికన్నా దాదాపు 20 శాతం చిక్కన. అంటే అదే జెట్టుతో గాలి ఎక్కువై, మిశ్రమం పల్చబడుతుంది. కార్బురేటర్ బండికి జెట్టు ఎప్పుడూ మీరు తిరిగే అతి చల్లటి రోజుని బట్టి ఉండాలి. కాస్త వెచ్చని రోజున బాగా పరిగెత్తే జెట్టు, చలి ముదిరిన రోజున పిస్టన్‌ని కాల్చేయగలదు.

సిలిండర్

ఈ తరం స్నోమొబైల్ సిలిండర్లలో ఎక్కువ వాటికి లోపల ఇనప స్లీవ్ ఉండదు. అల్యూమినియం గోడ మీదే నికిల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన పల్చటి పూత ఉంటుంది. నికాసిల్ అంటారు. చాలా గట్టిది. పాత ఇనప స్లీవ్ అయితే 0.25, 0.50 మి.మీ. చొప్పున బోరు పెంచి ఓవర్‌సైజు పిస్టన్ వేసుకోవచ్చు. నికాసిల్‌కి అలా కుదరదు, పూత పోతే మళ్లీ పూత వేయించాల్సిందే. గోరుతో గీస్తే గోరుకి తగిలేంత లోతైన గీత ఉన్నా, పూత లేచి కింద అల్యూమినియం కనబడుతున్నా, అది ఇంట్లో బాగయ్యేది కాదు.

కానీ సీజ్ అయిన సిలిండర్ చూడగానే గుండె జారిపోనక్కర్లేదు. చాలాసార్లు కనిపించే గీతలు సిలిండర్‌వి కావు, పిస్టన్ అల్యూమినియం కరిగి గోడకి అంటుకున్నవి. దాన్ని తీసేది మ్యూరియాటిక్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆరుబయట చేయండి. రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. దూదిపుల్ల కొన ముంచి అంటుకున్న అల్యూమినియం మీదే రుద్దండి. బుడబుడమని నురగ వస్తుంది, అల్యూమినియం కరుగుతోందని గుర్తు. నురగ ఆగిందంటే అంటుకున్నది పోయినట్టే. పోర్టుల అంచుల్లో, పూత లేచిన చోట యాసిడ్ తగిలితే మాత్రం సిలిండర్ అల్యూమినియాన్నే తింటుంది, అందుకే కారనివ్వకండి. పని అవగానే వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, మళ్లీ మంచి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వెంటనే నూనె రాయండి.

నేను ఈ పని అరగంట చేశాను. మొదట్లో నల్లగా చారలు చారలుగా ఉన్న గోడ, చివరికి పాత హోనింగ్ గీతలు (గోడ మీద రాయితో కావాలని గీసినవి) అడ్డదిడ్డంగా మెరుస్తూ బయటపడింది. పూత చెక్కుచెదరలేదు.

తర్వాత స్కాచ్-బ్రైట్, సబ్బు కలిపిన వేడినీళ్లతో అడ్డంగా ఏటవాలుగా రుద్దితే చాలు. పూతకి గట్టి రాళ్ల హోన్ వాడకండి. శుభ్రమైందో లేదో చూడ్డానికి తెల్ల గుడ్డకి నూనె రాసి తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి.

ఇక కొలతలు. పిస్టన్లు ఆర్డర్ చేయక ముందే ఇది అయిపోవాలి. బోరు గేజ్‌తో సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద, ప్రతి చోటా రెండు దిక్కుల్లో కొలవండి. పోర్టు ఉన్న చోట కాకుండా గోడ ఉన్న చోట. పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో పిన్‌కి అడ్డదిక్కున, స్కర్ట్ కింది అంచు నుంచి మాన్యువల్ చెప్పిన ఎత్తులో కొలవాలి. పిస్టన్ నిండు గుండ్రం కాదు, పైనుంచి కిందికి కూడా ఒకే లావు ఉండదు. వేరే చోట కొలిస్తే వేరే జవాబు వస్తుంది. నా సిలిండర్ 72.01, కొత్త పిస్టన్ 71.90. సందు 0.11 మి.మీ., నా మాన్యువల్ చెప్పిన హద్దుల్లోనే ఉంది. కొలిచేటప్పుడు రెండూ ఒకే గదిలో, ఒకే వెచ్చదనంలో కొన్ని గంటలు ఉండాలి. బయట మంచులోంచి తెచ్చిన సిలిండర్‌ని వెంటనే కొలిస్తే ఆ అంకెని నమ్మొద్దు.

రింగు సందు కూడా చూడాలి. రింగు ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్ నెత్తితో లోపలికి నెడితే సమంగా కూర్చుంటుంది. రెండు కొనల మధ్య ఫీలర్ గేజ్ దూర్చండి. బోరు ప్రతి 25 మి.మీ.కి 0.1 మి.మీ. అన్నది పాత లెక్క, 72కి దాదాపు 0.29 అవుతుంది. నాకు 0.40 వచ్చింది, అది కూడా హద్దుల్లోనే ఉంది. సందు కొంచెం ఎక్కువైతే కాస్త కంప్రెషన్ పోతుంది, అంతే. తక్కువైతే వేడికి రెండు కొనలూ ఢీకొని రింగు విరుగుతుంది.

ఎగ్జాస్ట్ పవర్ వాల్వులు (ఎగ్జాస్ట్ రంధ్రం ఎత్తుని మార్చే రేకులు) ఉంటే ఇప్పుడే తీసి మసి గీకేయండి. సిలిండర్‌కి కొత్త పూత వేయించి ఉంటే వాల్వు రేకు అంచు బోరులోకి పొడుచుకు రాకుండా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. పిస్టన్‌కి తగిలితే మొదటి నిమిషంలోనే అయిపోతుంది.

కూర్చడం

గ్యాస్కెట్ ముఖాల్ని ప్లాస్టిక్ గీకుడుతో శుభ్రం చేయండి. హెడ్డు వంకర పోయిందేమో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి చూడండి. చేతులు కడుక్కోండి. ఈ దశలో గ్యారేజీ ఊడ్వకండి, దుమ్ము లేస్తుంది.

రాడ్డు పైకన్నులో కొత్త నీడిల్ బేరింగు, దానికి టూ-స్ట్రోక్ ఆయిల్ పుష్కలంగా. పిస్టన్ నెత్తి మీద బాణం గుర్తుంటే చాలా ఇంజిన్లలో అది ఎగ్జాస్ట్ వైపు చూడాలి. క్లిప్పులు ఎప్పుడూ కొత్తవే, పాతవి మళ్లీ వాడొద్దు. క్లిప్పు తెరుచుకున్న కొన నేరుగా పైకి గానీ నేరుగా కిందికి గానీ ఉండాలి, పక్కలకి కాదు. పిస్టన్ పైకీ కిందికీ విసురుగా ఆగి తిరిగే ప్రతిసారీ ఆ విసురు క్లిప్పు మీద కూడా పడుతుంది, పక్కకి ఉంటే అది నొక్కుకుని గాడిలోంచి జారే ప్రమాదముంది. పెట్టాక క్లిప్పుని వేలితో గాడిలో తిప్పి చూడండి. గాడిలో పూర్తిగా కూర్చుందన్న నమ్మకం కుదిరేదాకా ముందుకు పోకండి.

రింగుల మీద అక్షరం ఉంటే అది పైకి ఉండాలి. గాడిలో చిన్న మేకు లాంటి పిన్ ఉంటుంది, రింగు కొనలు రెండూ దాన్ని మధ్యలో పెట్టుకోవాలి. ఆ పిన్నే రింగు తిరగకుండా ఆపి, కొనలు పోర్టులో ఇరుక్కోకుండా చూస్తుంది. పిన్ మీద రింగు ఎక్కి ఉన్నప్పుడు సిలిండర్ కిందికి నొక్కితే రింగు విరుగుతుంది. సిలిండర్ దించడానికి ఇద్దరుంటే సుఖం. మా తమ్ముడు సిలిండర్ పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున దించుతుంటే నేను వేళ్లతో రింగులు నొక్కి లోపలికి పంపాను. బలం అస్సలు అక్కర్లేదు. ఎక్కడైనా ఆగిందంటే ఏదో తప్పుంది, పైకెత్తి చూడండి. సిలిండర్ పూర్తిగా కూర్చునే ముందే రాడ్డు చుట్టూ ఉన్న గుడ్డ తీయడం మర్చిపోకండి.

రెండు సిలిండర్లున్న ఇంజిన్‌లో కింది బోల్టుల్ని ముందు చేత్తోనే బిగించి వదిలేయాలి. తర్వాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని రెండింటికీ తగిలించి బిగిస్తే సిలిండర్లు ఒకే వరసలోకి వస్తాయి. అప్పుడు కింది బోల్టులకి టార్క్ ఇవ్వాలి. ఈ వరస తప్పితే ఎగ్జాస్ట్ దగ్గర లీకు తప్పదు.

కింది గ్యాస్కెట్ మందం మారినా, హెడ్డు ముఖాన్ని మెషీన్ మీద చెక్కించినా స్క్విష్ కొలవాలి. అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్డుకీ మధ్య ఉన్న సందు. టంకం తీగని ప్లగ్ రంధ్రంలోంచి పిన్ దిక్కుగా గోడకి ఆనేలా దూర్చి, క్రాంక్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పితే తీగ నలుగుతుంది. నలిగిన చోట మందం కొలవండి. రెండు పక్కలా కొలిచి సగటు తీయాలి, పిస్టన్ కొంచెం ఊగుతుంది కదా. నాది 1.5 మి.మీ. వచ్చింది.

హెడ్డు బోల్టులు ఎదురెదురు క్రమంలో, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో. కొత్త బూట్లు రెండూ. ఒక్కటే చీలినా రెండూ ఒకే వయసువి, అందుకే రెండూ మార్చాను. ఆ తర్వాత ప్రెజర్ టెస్ట్ మళ్లీ చేయండి. ఈసారి రెండు వైపులా ముల్లు 300 మీద ఐదు నిమిషాలు నిలబడింది. తమ్ముడు గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెట్టాడు.

మొదటి మంట, మొదటి గంటలు

ఆయిల్ పంపు గొట్టాల్లో గాలి లేకుండా తీయండి, పంపు కేబుల్ గుర్తులు కలిశాయో లేదో చూడండి. ఎంత చేసినా మొదటి ట్యాంకులో పెట్రోల్లోనే 50కి 1 చొప్పున టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతాను, పంపు పోసేది దానికి అదనం. పొగ వస్తుంది, రానివ్వండి. కూలెంట్ నింపేటప్పుడు బండి ముందుభాగం ఎత్తి గాలి బయటికి పోనివ్వాలి.

గ్యారేజీ తలుపు బార్లా తెరిచి, లేదా బయటే స్టార్ట్ చేయండి. స్నోమొబైల్ కూలెంట్‌ని చల్లబరిచేది ట్రాక్ చిమ్మే మంచు. నిలబడి ఉన్న బండికి ఆ మంచు అందదు కాబట్టి త్వరగా వేడెక్కుతుంది. గేజ్ మీద కన్ను ఉంచి, కూలెంట్ గోరువెచ్చగా అయ్యేదాకా నడిపి ఆపేయండి. పూర్తిగా చల్లారనివ్వండి, చేత్తో ముట్టుకుంటే వెచ్చదనమే తెలియకూడదు. అలా మూడుసార్లు చేస్తాను, ప్రతిసారీ కొంచెం ఎక్కువసేపు. మధ్యలో లీకులు చూసుకుంటాను. హెడ్డు బోల్టుల్ని మళ్లీ బిగించాలా వద్దా అన్నది మాన్యువల్ చెప్పినట్టు.

మొదటి పది గంటలు ఫుల్ థ్రాటిల్ పట్టి ఉంచకండి. ఒకే వేగంలో కూడా పోకండి. కాసేపు నొక్కి, వదిలి, మళ్లీ నొక్కుతూ పోవాలి. రింగులు గోడకి హత్తుకునేది ఆ మార్పుల్లోనే. ప్రతి ఉదయం కూలెంట్ వెచ్చబడేదాకా ఆగడం మాత్రం ఆ పది గంటలకే కాదు, ఆ బండి ఉన్నంత కాలం.

పది గంటలయ్యాక ప్లగ్గులు తీసి మళ్లీ కంప్రెషన్ చూశాను. మ్యాగ్నెటో వైపు 124, క్లచ్ వైపు 122. హుడ్ లోపలి వైపు తెల్ల టేపు అంటించి ఉంది. అక్కడ పాత 118, 96 అంకెల కింద తేదీ, గంటలు, ఈ రెండు అంకెలు రాశాను. పక్కన తమ్ముడు తన చేతిరాతతో "బూట్లు కొత్తవి" అని రాశాడు.